రాగుల కాటా మీద

యాభై తొమ్మిదో ఏట కూడా నేను పదివేల అడుగుల ఎత్తు నుంచి దూకి, నేల మీద పరిచిన చేతిరుమాలు మధ్యలో కాలు పెట్టేవాణ్ణి. అంతేకాదు, ఒకసారి దిగుతూ దిగుతూ చివరి క్షణంలో పారాషూట్‌ను పక్కకు తిప్పి ఒక రైతు మనిషి ప్రాణం కాపాడాను. ఆ తర్వాత నా అంతట నేనే చిన్న పారాషూట్‌ను కుర్రవాళ్ళకు వదిలేసి పెద్దది తీసుకున్నాను.

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఈ కథ చాలా ఏళ్ళు నడిచింది. ఇప్పుడు సరిచేస్తాను. అది చేతిరుమాలు కాదు, దుప్పటి. దుప్పటి కూడా కాదు, కల్లమంత చోటు. ఎత్తు పదివేలు కాదు, అందులో సగం. ఇంతవరకు చెప్పడం సులువే. మిగతాది చెప్పాలంటే తల దించుకోవాలి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను విమానాల ఫ్యాక్టరీలో పారాషూట్లు మడిచాను. వేసుకునే మనిషి బరువు చీటీ మీద లేకపోతే సంచిని గడప దాటనిచ్చేవాణ్ణి కాదు. ఒక పెద్ద ఆఫీసరు "నోటితో చెబుతున్నాను కదయ్యా" అంటే, "సార్, గుడ్డకు నోటిమాట తెలియదు" అని ఆయన్ని కూడా కాటా ఎక్కించాను.

అంత నియమస్థుణ్ణి. తొంభైల దశకంలో, నా యాభయ్యో ఏట, హొసకోటె అవతల ఒక క్లబ్బులో చేరి దూకడం మొదలుపెట్టినప్పుడు పుస్తకంలో అరవై ఎనిమిది కిలోలని రాయించాను. అప్పటికది నిజమే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఎప్పుడు అడిగినా అదే అంకె చెప్పాను. అన్నిటినీ పెంచి చెప్పే నేను దీన్ని ఒక్కదాన్ని తగ్గించాను. ఎందుకంటే బరువు పెరిగితే పెద్ద పారాషూట్ ఇస్తారు. పెద్దది కొత్తగా నేర్చుకునేవాళ్ళదని మా వాళ్ళ లెక్క. చిన్నది వేగంగా దిగుతుంది, తాడు కొంచెం లాగితే చాలు గిరుక్కున తిరుగుతుంది. చూసేవాళ్ళు నోరు తెరుస్తారు.

ఆ వైపు కోతలయ్యాక రాగి కంకులను తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ వాటి మీదుగా వెళ్ళి నూర్చిపెడతాయి. మేము దిగే మైదానం పక్కనే అలాంటి రోడ్డు. ఆ ఆదివారం కింద సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు కెమెరా పట్టుకుని నిలబడి ఉన్నారు. అది చాలదా? నేల ఇంకా చెట్టెత్తు దూరం ఉందనగా ఎడమ తాడు గట్టిగా లాగాను. అంత కిందికి వచ్చాక తిప్పకూడదని మొదటి రోజే నేర్పుతారు. పారాషూట్ మైదానం వదిలేసి నన్ను రోడ్డు మీదికి ఈడ్చుకెళ్ళింది. అక్కడ ఒకామె కట్టెతో కంకులు తిరగేస్తోంది. కట్టె పారేసి పక్క కాలవలోకి పడింది. నేను రాగి గడ్డి మీద జారుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. నాకు గీత కూడా పడలేదు.

కోచ్ పరుగెత్తుకొచ్చాడు. మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు, నాకన్నా పదేళ్ళు చిన్న.

"అంత కింద ఎందుకు తిప్పినారు, యజమాన్రే?"

"ఆమె అడ్డమొచ్చె. తప్పించల్లని తిప్పినా."

ఊపిరి తిరగకముందే ఆ మాట వచ్చేసింది. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె కాలవలో చెప్పు వెతుక్కుంటోంది, ఒక చెయ్యి పొట్టకు అదుముకుని. నేను దగ్గరికి పోలేదు. కూర్చుని పారాషూట్ మడిచాను. జీవితంలో ఎప్పుడూ అంత శ్రద్ధగా మడవలేదు.

కాలవలో పడ్డామె చెయ్యి అదుముకుందని కూడా ఇంట్లో చెప్పేశాను కాబోలు, అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది. "ఆయమ్మ చెయ్యి ఎట్లుండాది?"

"బాగానే ఉండాది."

"చూసినారా?"

ఇంకొంచెం పులుసు వెయ్యమన్నాను.

మరుసటి ఆదివారం కోచ్ నా ముందు రెండు సంచులు పెట్టాడు. ఒకటి నా నూటయాభై చదరపు అడుగులది. రెండోది రెండువందల ముప్పై చదరపు అడుగులది, కొత్తవాళ్ళు వాడి వాడి వెలిసిపోయిన నారింజ రంగుది.

"బరువెంత?"

"అరవై ఎనిమిదే కదప్పా."

అతను నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు నడిపించాడు. అక్కడ కాటా మీద రాగుల బస్తాలు తూస్తున్నారు. తూస్తున్నది ఆమే. ఎడమ మణికట్టుకు తెల్లగుడ్డ చుట్టి ఉంది.

"అమ్మా, ఒక నిమిషం కాటా కావల్ల," అన్నాడు కోచ్.

బస్తా దింపి నన్ను నిలబెట్టారు. బూట్లు విప్పాను. ఆమె బాగున్న చేత్తో కడ్డీ మీద గుండు జరిపింది, ఇంకొంచెం జరిపింది, ఇంకా జరిపింది.

"ఎనభై ఒకటి. చొక్కా గూడా విప్పుతావా అప్పా?"

కోచ్ నారింజ సంచి నా చేతిలో పెట్టాడు. ఆ ఆఫీసరు గుర్తొచ్చాడు. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. వెనక్కి వచ్చి కుర్రవాళ్ళతో, "ఆ చిన్నది మీరు వాడుకోండ్రా, నాకింక చాలు," అన్నాను, దానమిస్తున్నట్టు.

ఆ మధ్యాహ్నం పెద్దదానితో దూకాను. అది తొందరలేని మనిషిలా విచ్చుకుంది, తాడు లాగితే ఆలోచించి తిరిగింది. దానితో వచ్చిన చిక్కల్లా చూడటానికి బోలెడంత సమయం ఉండటమే. చిన్నదానితో చివరి క్షణాల్లో నాకు నేల తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు రోడ్డు కనిపించింది, కాలవ కనిపించింది, ఆమె చేతికున్న తెల్లగుడ్డ దిగేదాకా కనిపిస్తూనే ఉంది. ఆగిన బస్సులోంచి దిగినట్టు నేల మీద నిలబడ్డాను.

పారాషూట్ అక్కడే వదిలేసి ఆమె దగ్గరికి నడిచాను. అడగాలనే వెళ్ళాను. కుర్రవాళ్ళు వెంటపడ్డారు.

"అంకుల్, ఆరోజు మీరు కాపాడింది ఈవిడనేనా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. నేనన్నది ఇది: "ఏదో, ఆ టైముకు అట్లా తిప్పగలిగినా."

ఆమె కట్టె ఆనించుకుని మా అందరినీ చూసింది.

"ఎవురు, ఈయప్పా? మీదికొచ్చి పడతావుంటే నేనే కాలవలో దూకితిని. నేను దూకకుంటే ఇద్దరమూ పోయుందుము. చెయ్యి ఎట్లుండాదని ఆ పొద్దూ అడగలేదు, ఈ పొద్దు నా కాటా ఎక్కి గూడా అడగలేదు."