నలభై రెండు పాటలు, నిండిపోయిన డిస్కు

తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన సీతారామన్‌కు దేన్నయినా రెండుగా ఉంచుకోవడం అలవాటు. పుట్టింది సేత్తూరు రైతింట. విత్తనాలను రెండు కుండల్లో దాచే ఇల్లు అది. తల్లి వెళ్ళయమ్మాళ్ నాట్లు వేస్తూ పాడే తెలుగు పాటలు నలభై రెండింటిని, ఆమె పోయే ముందు ఏడాది ఫోన్లో పట్టి కంప్యూటర్లోకి ఎక్కించాడు. తర్వాత ఆ ఫోను పాడైపోయింది. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడతారే గానీ రాయడం ఎవరికీ రాదు. అందుకే భయం పట్టుకుని, మొన్న ఆదివారం ఆ పాటలన్నిటికీ అదే కంప్యూటర్లో ఇంకో నకలు తీశాడు.

సోమవారం పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డే అడిగింది. పదిసార్లు కొట్టినా అదే తంతు. తనకే మతిమరుపు వచ్చిందని కుమిలిపోయాడు. మూడు రోజులు అన్నం సయించలేదు.

గురువారం రిపేరు చేసే పాండిసెల్వం వచ్చాడు.

"పాస్‌వర్డ్ సరిగానే ఉండాది మామా. డిస్కు నిండిపోయినాది. లోపల ఇడం లేదు."

"ఆ మాట అది చెప్పకూడదా?" అన్నాడు సీతారామన్ ఒళ్ళు మండి. నిజమే, అంత యంత్రానికి చోటు లేదని చెప్పడానికి నోరు రాలేదు.

పాండిసెల్వం పాస్‌వర్డ్ అడగని వేరే దారిన కంప్యూటర్ లోపలికి పోయి చూశాడు. "ఒకే పాటలు రెండు తూరి ఉండాయి మామా. ఏది తీసేది?"

రెండు చోట్లా నలభై రెండు పేర్లూ ఉన్నాయి. అరిగిన సామాను విప్పి కొత్తది బిగించిన చేయి కదా, "పాతది తీసెయ్" అన్నాడు.

ఈసారి లాగిన్ అయింది. సంబరంగా మొదటి పాట నొక్కాడు. చప్పుడు లేదు. వరసగా అన్నీ నొక్కాడు. ఒక్కటీ పలకలేదు.

"కాపీ చేసినప్పుడు ఎర్రర్ ఏమైనా వచ్చినాదా?"

"ఇంగ్లీషులో ఏందో వచ్చినాది. ఓకే కొట్టేస్తిని."

ఆదివారానికే డిస్కులో చోటు అయిపోయింది. నకలులోకి పేర్లు మాత్రమే ఎక్కాయి. పాండిసెల్వం సాయంత్రం దాకా తంటాలు పడి, తీసేసినవి ఇక రావని చేతులెత్తేశాడు.

అతను వెళ్ళాక భార్య ముత్తులక్ష్మి తన ఫోను తెచ్చి పక్కన కూర్చుంది.

"మీకు వచ్చినంత పాడండి. పట్టుకొంటాను."

సీతారామన్ నోరు తెరిచాడు. ఒక పాట మొదటి పాదం వచ్చింది. రెండోది ఎంత తడుముకున్నా రాలేదు.

"నాకు రాదు ముత్తులక్ష్మీ. అమ్మ ఉన్నప్పుడు ఒక్కటీ నేర్చుకోలేదు. మిషన్లో భద్రంగా ఉండాది గదా అని ఊరకుంటిని" అంటూ ఆమె ముందే వెక్కివెక్కి ఏడ్చాడు.