హాల్లోకి వెళ్లి విని రండి

2023 వానాకాలం. నాచారంలో వార్డు ఆఫీసు పై అంతస్తులో వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే డే కేర్ సెంటర్ ఉండేది. నేను గురువారం గురువారం అక్కడ కూర్చునేదాన్ని. నేను ఆడియాలజిస్టుని, అంటే చెవులు పరీక్షించి వినికిడి మిషన్లు అమర్చే మనిషిని. పుట్టింది పాలకొల్లు పక్కన, కాపురం ఉప్పల్లో. నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అంటారు. రోజంతా వినపడనివాళ్లతో అరుస్తూ బతికేదాన్ని, ఇంటికెళ్లాక గొంతు తగ్గించమంటే ఎక్కణ్ణుంచి తగ్గుతుంది?

సెంటర్లో పొద్దున బీపీ చూస్తారు, మోకాళ్లకి ఫిజియోథెరపీ చేయిస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. కానీ సగం మంది వచ్చేది వీటి కోసం కాదు, కబుర్ల కోసం. ఇంట్లో పలికే దిక్కు లేక వచ్చేవాళ్లే ఎక్కువ.

చంద్రమ్మ కూడా అందుకే వచ్చేది, రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో. డెబ్భై దాటిన మనిషి. ట్రాన్స్‌జెండర్. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, వయసొచ్చిన దగ్గర్నుంచీ చీరలోనే, చంద్రమ్మగానే బతికింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో స్టీలు గిన్నెలు పాలిష్ చేసే షెడ్డులో ముసలితనం దాకా పనిచేసింది. "ఆడ అందరి మొకాలు నల్లగనే ఉంటయి బిడ్డా, ఎవ్వలు ఆడో ఎవ్వలు మొగో అడిగేటోడు లేడు" అని నవ్వేది. కడుపు నింపిన ఆ చక్రాల మోతే ఆమె చెవులు తినేసింది. ఆమె ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో చూపించే గీత, నేను చూసినవాటిలో బాగా కిందకి దిగినవాటిలో ఒకటి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట అందేది కాదు.

అయినా ఆమె సెంటర్లో సంతోషంగానే ఉండేది. ఆమె మెట్లెక్కి రాగానే ఆడవాళ్ల వరసలో అందరూ నవ్వుతూ తలలూపేవారు. ఫ్యాను కింద ఆమెకో కుర్చీ. మంచినీళ్లకి ఆమెకో స్టీలు గ్లాసు, దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క. "నా గ్లాసు ఎవ్వలు ముట్టరు. నాదని గుర్తు వెట్టిన్రు, సూడు ఎంత ఇజ్జతో" అని ఒకసారి నాకు చూపించింది కూడా. ఇలాంటివాళ్లని మా సెంటర్లో ఎంత బాగా కలుపుకుపోతారో అని నేను కాప్రాలోనూ, ఘట్‌కేసర్ వైపూ పనిచేసే తోటి ఆడియాలజిస్టుల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

ఆ గురువారం చంద్రమ్మకి ఫిట్టింగ్. మిషన్ చెవికి పెట్టి, కంప్యూటర్‌తో దాని మోతాదు సరిచేయడాన్ని మేం ఫిట్టింగ్ అంటాం. స్విచ్ వేసి మామూలు గొంతుతో "వినపడుతోందా అండీ?" అన్నాను. ఆమె నా వంకే చూసి, "గింత బొంగురు గొంతా బిడ్డా నీది? మొకం జూసి కోయిలనుకుంటి" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

ఫిట్టింగ్ అయ్యాక నాకో పద్ధతి ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏ మిషన్ అయినా బాగానే పనిచేస్తుంది. నలుగురి మధ్యలోకి వెళ్తేనే అసలు సంగతి తెలిసేది. అందుకని, "హాల్లోకి వెళ్లి, కాసేపు కూర్చుని, ఏమేం వినపడ్డాయో వచ్చి నాకు చెప్పండి" అని పంపిస్తాను. వాళ్లు చెప్పినదాన్ని బట్టి మళ్లీ సరిచేస్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన పని. కుక్కర్ కూత విన్నామని, పావురాలు విన్నామని పసిపిల్లల్లా వచ్చి చెబుతారు. ఒకాయన తన చెప్పుల చప్పుడు తనే విని వెనక్కి తిరిగి చూసుకున్నాడట.

చంద్రమ్మనీ అలాగే పంపాను. జుట్టు కిందకి లాక్కుని, మిషన్ కనపడకుండా కప్పుకుని వెళ్లింది. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"ఫ్యాను గిరగిర ఇనొచ్చింది. బయట ఆటో హారన్ ఇనొచ్చింది. పంతులమ్మ లేదూ, 'అదుగో, వచ్చాడమ్మా చీర కట్టుకుని' అన్నది. పక్కకామె 'దాని గ్లాసు మన గ్లాసులల్ల కలపకుండ్రి, గందుకే సుక్క వెట్టింది' అన్నది. ఇంకొకామె, 'మెల్లగ మాట్లాడున్రి' అన్నది. గప్పుడు పంతులమ్మ 'మెల్లగెందుకు, దానికేమన్నా వినపడి చచ్చిందా' అన్నది. అందరు నవ్విన్రు. నా దిక్కు సూసుకుంటనే నవ్విన్రు."

అంతా అప్పజెప్పి అడిగింది. "అన్ని సక్కగనే ఇన్ననా బిడ్డా?"

పంతులమ్మ అంటే రిటైర్డ్ టీచరు సుబ్బలక్ష్మిగారు. మా వైపు మనిషే, నన్ను చూస్తే చాలు "ఏమ్మా అమ్మాయ్, తిన్నావా" అని పలకరించే మనిషి. చంద్రమ్మ రాగానే అందరికంటే ముందు నవ్వుతూ తలూపేదీ ఆవిడే. ఇన్నేళ్లూ ఆ నవ్వుల వెనక ఈ మాటలేనా? గోడలకి చెవులుంటాయంటారు, ఆ హాల్లో చంద్రమ్మని గోడకంటే హీనంగా చూశారన్నమాట.

చంద్రమ్మ మెల్లిగా మిషన్ తీసి నా బల్ల మీద పెట్టింది. "చెవుడున్నన్ని దినాలు నాకు మస్తు మంది దోస్తులుండె" అంది. అన్నం వడ్డించే వేళ కూడా అయింది, తినకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. మిషన్ చేత్తో పట్టుకుని వెంటపడి, కింద ఆటో కదిలేలోపు ఆమె సంచిలో పడేశాను.

పైకొచ్చి సుబ్బలక్ష్మిగారిని పట్టుకున్నాను. "ఏవండీ, ఆ మాటలు అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?" అని అడిగాను. దబాయిస్తుందనుకున్నాను, లేదూ సిగ్గుపడుతుందనుకున్నాను. ఆవిడ నిజంగా నొచ్చుకుంది, అదీ నా మీద.

"అదేంటమ్మా అలా అంటావు? వినపడేలా ఎప్పుడన్నా అన్నామా? ఎదురుగా పల్లెత్తు మాట అనలేదే. నవ్వుతూనే ఉన్నాం కదా. వినపడేలా చేసింది నువ్వు."

నా జీవితంలో ఎన్నో జవాబులు విన్నాను గానీ ఇలాంటిది వినలేదు. కోపంగా ఏదో అరిచాను, ఏం అరిచానో నాకే గుర్తులేదు.

తర్వాత కొన్ని వారాలు చంద్రమ్మ రాలేదు. బీపీ మాత్రలు ఇక్కడే ఇచ్చేవాళ్లు, మోకాలి వ్యాయామం ఇక్కడే, రోజుకో పూట కడుపు నిండా తినేదీ ఇక్కడే. ఒంటరి మనిషి ఇంట్లో పడిపోతే చూసేవాళ్లెవరు? నాకు ఆ భయమే పట్టుకుంది. రామంతాపూర్ వెళ్లి వెతికి పట్టుకున్నాను. "రండి, నేనున్నాను కదా" అన్నాను. ఆలోచించి చెబుతానంది. ఆ పై గురువారం వచ్చింది, జుట్టు వెనక్కి ముడేసి, మిషన్ అందరికీ కనపడేలా పెట్టుకుని. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నమే నా గదిలోకొచ్చి, "బిడ్డా, మిషన్ ఖరాబైంది. ఏం ఇనొస్తలేదు" అంది.

మిషన్ విప్పి చూశాను. తుడిచాను, బ్యాటరీ మార్చాను, నా చెవికి గొట్టం పెట్టుకుని విన్నాను. గంట కొట్టినట్టు పనిచేస్తోంది. నా గదిలో నేను గుసగుసలాడినా ఆమెకి వినపడుతోంది. "పదండి, చూద్దాం" అని ఆమె వెనకే హాల్లోకి నడిచాను.

తలుపు దాకా వినపడుతున్న కబుర్లు ఆమె లోపల కాలు పెట్టగానే ఆగిపోయాయి. సుబ్బలక్ష్మిగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పక్కావిడ పమిట కొంగు సర్దుకుంటోంది. ఒక్కరి పెదవీ కదలలేదు. చంద్రమ్మ తన కుర్చీలో కూర్చుని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వంక చూసింది, చూశావా అన్నట్టు. ఆమె మిషన్ పాడైందనే అనుకుంటోంది. మిషన్ బాగానే ఉందనీ, ఆమె రాగానే వాళ్లే మాటలు ఆపేస్తున్నారనీ తర్వాత నా గదిలో చెప్పాను.

సెంటర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు, నాకు టీ తెప్పించి మొత్తం విన్నాడు. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం, సిబ్బందికి కూడా నేర్పిద్దాం అన్నాను. ఆయన అయోమయంగా చూశాడు. "మేడమ్, అప్పుడేమో అంటున్నరని కంప్లైంట్ జేసిన్రు. ఇప్పుడు ఎవ్వలు ఏమంటలేరు గదా. ఇంక కంప్లైంట్ ఏంది?"

ఇన్నేళ్ల చదువూ సర్వీసూ ఉన్నా ఆ ప్రశ్నకి జవాబు నాకు దొరికింది తర్వాత. చేర్చుకోవడమంటే కుర్చీ వెయ్యడం కాదనీ, రిజిస్టర్లో ఆడవాళ్ల వరసలో పేరు రాయడం కాదనీ నాకు తెలిసింది చంద్రమ్మ వల్లే. తన గురించి అనుకునే మాటలన్నీ వినపడినా మనిషి అక్కడ ధైర్యంగా కూర్చోగలగాలి. చెవికి మిషన్ పెట్టే ముందు నేనిప్పుడు ఎవరినైనా సరే ఒక ప్రశ్న అడుగుతాను. "ఇది పెట్టుకున్నాక మీతో మాట్లాడేది ఎవరు?"

ఆ ప్రశ్న మొదట అడిగింది చంద్రమ్మనే. ఆమె తడుముకోలేదు. "నువ్వే గదా బిడ్డా. బేస్తారం బేస్తారం" అంది. బేస్తారం అంటే గురువారం. కానీ అప్పటికే ఆ పై నెల నుంచి నన్ను కాప్రా సెంటర్‌కి మార్చారు. దాచి లాభం లేదని చెప్పేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

ఆమె అక్కడికి ఆటో దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుందన్నాను.

"అయితే నేను గాడికే వస్త. ఈపారి మొదటి దినం నుంచే మిషన్ వెట్టుకోని పోత బిడ్డా. ఎవ్వలు దోస్తులో ఎవ్వలు గాదో మొకం జూసి గాదు, ఇనుకోని తెలుసుకుంట."