బ్రేకు గురించి వినమ్రంగా మనవి

‘కైండ్లీ’ అనే మాట కాగితం మీద కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆఫీసుల్లోకి ఈమెయిళ్లు వచ్చాక ఆ రోత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, పొద్దున్నే కంప్యూటర్ తెరిచేసరికి ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అంటూ ఎదురొస్తుంది. ఎవరు చెయ్యాలి, ఏం చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి, అది మాత్రం ఉండదు. అలాంటి వాక్యం చూసినప్పుడల్లా నాకు ఒక మనిషి ఎడమ పాదం గుర్తొస్తుంది.

తొంభైల్లో నేను గాజువాక అవతల ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో గుమాస్తాని. స్టీలు బీములు కోసి, వెల్డింగ్ చేసి, లారీలకెక్కించే చోటు. పైన క్రేన్, కింద బీములకు గొలుసులు తగిలించే ఖలాసీలు. షిఫ్టు దిగేటప్పుడు తర్వాతి షిఫ్టుకి చెప్పాల్సింది ఒక పుస్తకంలో ఇంగ్లీషులో రాసిపెట్టాలి. మా బస్సు వెళ్లిపోయాకగాని వాళ్ల బస్సు వచ్చేది కాదు, కాబట్టి ఆ పుస్తకమే దిక్కు. కానీ అప్పుడప్పుడూ ఆఫీసర్లు దాని మీద సంతకం పెట్టేవారు. దాంతో మా సూపర్‌వైజరు లెక్కలో అది తర్వాతి షిఫ్టు కోసం కాదు, ఆఫీసర్ల కోసం. అందులో ప్రతి వాక్యమూ చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ సూపర్‌వైజరు ఇంగ్లీషంటే నాకు కంపరం. షెడ్డు ఊడ్చారని చెప్పడానికి కూడా పేరాలకు పేరాలు. చివరిదాకా చదివినా ఎవరు ఊడ్చారో తెలిసేది కాదు. రాశాక పెన్నుకి మూత పెట్టి, లడ్డూ తిన్నవాడిలా పెదాలు చప్పరించేవాడు. చూడలేక మొహం తిప్పుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దుటి షిఫ్టు చివర్లో క్రేన్ ఆపరేటరు, సబ్బవరం ఆయన, నిచ్చెన దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు.

“బావా, బ్రేకు పట్టడం నేదు. బరువెత్తితే జారిపోతంది. బుక్కులో రాసీ.”

రాశాను. ‘క్రేన్ బ్రేక్ ఈజ్ నాట్ హోల్డింగ్. డూ నాట్ లిఫ్ట్.’

సూపర్‌వైజరు చదివి, మొహం చిట్లించి, అడ్డంగా కొట్టేశాడు.

“డూ నాట్ ఏంటయ్యా? ఆఫీసర్లు చూసే పుస్తకంలో ఆర్డర్లేస్తావా?”

“ప్రమాదం సార్. ఎవరైనా ఎత్తితే...”

“నేను రాస్తున్నాను కదా, అదే సంగతి మర్యాదగా.”

గుండ్రటి అక్షరాలతో తనే రాశాడు. ‘హంబ్లీ సబ్మిటెడ్’తో మొదలై, ‘కైండ్లీ’ మీదుగా వెళ్లి, ‘కన్వీనియెన్స్’ దగ్గర ఆగింది. మధ్యలో ఎక్కడో బ్రేకు ఉంది. అది పట్టడం లేదన్న ముక్క మాత్రం లేదు. బయట మా బస్సు హారన్ కొడుతోంది.

మధ్యాహ్నం షిఫ్టు సూపర్‌వైజరు అది చదివి, వీలున్నప్పుడు చూడమన్నారు కదా అని పని మొదలుపెట్టించాడట. మొదటి బీమే జారింది. కింద గొలుసు సర్దుతున్న ఖలాసీ ఎడమ పాదం నలిగిపోయింది. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, సెలవు దొరికితే ఊళ్లో వరి చేలో దిగేవాడు. అంతకు ముందు మా షిఫ్టులోనే ఉండేవాడు, నన్ను బావా అని పిలిచేవాడు.

తర్వాత రిపోర్టు. ఇంగ్లీషు బాగా రాస్తాడని అదీ మా సూపర్‌వైజరు చేతే రాయించారు. దురదృష్టవశాత్తూ ఒక సంఘటన జరిగినట్టు గమనించడమైనదట. ఎవరు ఎత్తమన్నారు, నేను రాసింది ఎవరు కొట్టేశారు, ఎవరి కాలు పోయింది, అందులో ఒక్క మనిషీ లేడు. నా చేతికిచ్చి “ఎలా ఉంది?” అనడిగాడు. నిజంగా మెచ్చుకోలు కోసమే అడిగాడు.  కాగితం బల్ల మీద పడేసి, బయటికెళ్లి ఉమ్మేసి వచ్చాను.

ఆదివారం ఆస్పత్రికి వెళ్లాను. పాదం తీసేశారు. దుప్పటి ఆ చివర చదునుగా ఉంది. పలకరింపులయ్యాక ఆయనే అడిగాడు.

“బావా, బ్రేకు సంగతి బుక్కులో రాసినారంట గదా. ఏటి రాసినారు? తెలుగులో సెప్పు.”

నేను రాసింది కొట్టేశారని ముందు చెప్పాను. తర్వాత, మిగిలినదాన్ని తెలుగు చేశాను. తమరి వీలును బట్టి క్రేన్ బ్రేకు విషయం దయతో పరిశీలించవలసిందిగా వినమ్రంగా మనవి.



“ఎవులికి రాసినారు అది?”

“ఆఫీసర్లకి.”

“బీము కింద ఆఫీసరు ఉంటాడేటి బావా? ఉండీది నాను గదా.”