సంతకం పెట్టిన దర్శకుడు

పోయిన ఎండాకాలంలో, తిరుపతిలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక సోవియట్ కాలపు సినిమా దర్శకుడి ఆత్మకథను తెలుగు చేయడం మొదలుపెట్టాను. చదువుకునే రోజుల్లో సరదాగా రష్యన్ నేర్చుకున్నాను. ఆ తర్వాత చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. రష్యన్‌తో నాకు పని పడటం ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

దర్శకుడు రైల్వే కూలీ కొడుకు. యుద్ధానికి పోయి, ఒక చెవి వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చి, సినిమా స్కూల్లో చేరాడు. మొదటి సినిమా, యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక ఆడమనిషి కథ. చూసిన అధికారులు ఇందులో ఆశ ఎక్కడుంది అని అడిగారట. రీళ్ళు డబ్బాల్లో పెట్టి మూలన పడేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అతనికి కథా చిత్రం ఇవ్వలేదు. పశువుల ఫారాల్లో పాలు ఎలా పితకాలో నేర్పే చిన్న సినిమాలు తీసుకుంటూ బతికాడు.

అంతవరకూ పని హాయిగా సాగింది. చిక్కు ఏడో అధ్యాయంలో వచ్చింది. మొదటి సినిమాకు కెమెరా పట్టిన స్నేహితుడు దేశం విడిచిపోవడానికి అనుమతి అడిగాడు. అతను ద్రోహి అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమని స్టూడియో పెద్దలు దర్శకుణ్ణి పిలిచారు. పెట్టాడు. కొన్నాళ్ళకే పెద్ద సినిమా వచ్చింది. తర్వాత పతకాలు, విదేశీ ప్రయాణాలు. ఆ సంతకం గురించి పుస్తకంలో ఉన్నవి మూడే వాక్యాలు. తననెవరూ బెదిరించలేదనీ, కలం తన జేబులోదేననీ, స్నేహితుణ్ణి మళ్ళీ చూడలేదనీ రాసుకున్నాడు.

ఆ మూడు వాక్యాలకు నాకు పది రోజులు పట్టింది. వాటిలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కానీ నేనూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణే.

మా కాలేజీలో తెలుగు చెప్పే మిత్రుడొకడుండేవాడు. స్టాఫ్‌రూములో మావి పక్కపక్క కుర్చీలు. హాస్టల్లో తిండి బాగాలేదని అతను పిల్లల తరఫున మాట్లాడాడు. పిల్లల్ని రెచ్చగొట్టాడని యాజమాన్యం ఒక కాగితం రాయించి, మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచింది. ప్రిన్సిపాల్ కాగితాన్ని నా వైపు తిప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను చదవకుండానే పెట్టేశాను. మిత్రుడి ఉద్యోగం పోయింది. పలమనేరు దగ్గర సొంత ఊరికి పోయి ఆవులు పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా నేనటు వెళ్ళలేదు.

మా ఆవిడకు ఈ సంగతి తెలుసు. కాగితాలు ముందేసుకుని ఊరికే కూర్చున్న నన్ను చూసి, "ఆ రష్యా ఆయన పోలేకపోయినాడు, సరే. మీకేమొచ్చింది? పలమనేరుకు బస్సుండాది కదా," అంది.

పాల సినిమాల అధ్యాయంలో నాకు సరిగ్గా తెలియని మాటలు కొన్ని ఉన్నాయి. ఆ సాకు పెట్టుకుని బయల్దేరాను.

మిత్రుడు కొట్టం ముందర ఆవులకు మేత వేస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "రాప్పా, కూసో," అని మంచం చూపించాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, పూర్వం పరీక్ష పేపర్లు దిద్దినట్టే నా కాగితాలు చదివాడు.

"దూడ మూతి పెట్టగానే ఆవు పాలు వదిలింది అని రాసినావే, అట్లా అనరప్పా. ఆవు సేపింది అంటారు. పుస్తకం కాబట్టి చేపింది అని రాసుకో."

రాసుకున్నాను. తర్వాత సంతకం అధ్యాయం అతని చేతికిచ్చాను. చదివి, మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది సూపించేదానికేనా వచ్చినావు?"

"అవునప్పా. ఆ పొద్దు నేను గూడా..."

"తెలుసు. ఆ కాగితం నాకూ సూపించినారు. నీది మూడో సంతకం."

"భయపడినాను. మా పిల్లలు చిన్నోళ్ళు..."

"సంతకానికి నేనేమీ అనుకోలేదబ్బా. నీ తావులో ఉంటే నేనూ పెట్టేవాణ్ణేమో. మరుసటి దినం వస్తావని సూస్తి. సామాన్లు కట్టేటప్పుడు సూస్తి. నువ్వు రాలేదు."

అతని భార్య కాఫీ తెచ్చి నా పక్కన పెట్టింది. "చిత్తూర్లో మీ ఇంటి ముందర నుంచే పోయినామన్నా. తలుపేసుండారు," అంది.

ఆ తలుపు వెనక నేనున్నాను. వాళ్ళ సామాన్ల లారీ మలుపు తిరిగేదాకా గడియ మీద చెయ్యి తీయలేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. మిత్రుడు లేచి, బకెట్ తీసుకుని ఆవులకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక, "చెప్పినావు కదా. ఇంక బయల్దేరు, బస్సు తప్పిపోతాది," అన్నాడు.

పుస్తకం చలికాలంలో అచ్చయింది. చివర్లో ముసలివాడైన దర్శకుడు, ఎట్టకేలకు డబ్బాల్లోంచి బయటికి తీసిన తన మొదటి సినిమాను ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని చూస్తాడు. కెమెరా పట్టిన స్నేహితుడు అప్పటికే పరాయి దేశంలో చనిపోయాడు. ఒక ప్రతి పలమనేరుకు పోస్టు చేశాను. నెల రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఉండబట్టలేక ఫోన్ చేస్తే అతని భార్య తీసింది.

"దినామూ మధ్యాన్నం సదువుతా ఉండెనన్నా. ఆ సంతకం కాడికొచ్చి మూసిపెట్టినాడు. మళ్ళా తెరవలేదు. పిలవమంటారా?"

వద్దనబోయి, పిలవమన్నాను. అతను వచ్చి, "ఏమప్పా," అన్నాడు.

"బాగుండావా?"

"బాగుండాను. ఈడ సలి ఎక్కువగా ఉండాది."

ఇక్కడ అంత లేదన్నాను. పుస్తకం ఊసు అతనెత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.