గడిలో లేని హెచ్చరిక

హవల్దారు హనుమయ్య సైన్యం నుంచి బయటికి వచ్చిన రోజు నుంచీ ఢిల్లీలో కనిపించిన ప్రతివాడూ ఆయన ఎత్తూ ఛాతీ చూసి ఒకటే ఉద్యోగం చెప్పాడు: గార్డు. ఇరవై నాలుగేళ్లు సైనిక వర్క్‌షాపుల్లో ట్రక్కుల ఇంజన్లు విప్పి బిగించిన మనిషన్న సంగతి ఎవరికీ పట్టలేదు. గుర్‌గావ్‌లో ఒక మాల్ ముందు ఎనిమిది నెలలు నిలబడి, కారు దిగిన అడ్డమైనవాడికీ సెల్యూట్ కొట్టాడు. ఆ ఎనిమిది నెలల గురించి అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

అందుకే 2007లో నోయిడాలోని ఒక చిన్న కంపెనీ, మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామని చెప్పి ఒక కుర్చీ చూపిస్తే, ఆయనకు సింహాసనం దొరికినట్టయింది. ఢిల్లీ పాలంలోని అద్దింటి నుంచి రెండు బస్సులు మారాలి. భార్య సరోజ ఇస్త్రీ చేసిన చొక్కా నలుగుతుందని, సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లేవాడు.

ఫ్యాక్టరీల పాత యంత్రాల పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ కంపెనీ పని. ఒకసారి ఎక్కిస్తే చాలు, అందులోంచే కొత్త పుస్తకం, హిందీ అనువాదం, యంత్రం పక్కన వేలాడదీసే కార్డు, అన్నీ తయారవుతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు లావు చేసే బటన్ లేదు, పెద్దవి చేసే బటన్ లేదు. ప్రతి మాటా ఏమిటో చెప్పాలి, అంతే. ఇది శీర్షిక, ఇది పనిలో ఒక మెట్టు, ఇది హెచ్చరిక. అది కంటికి ఎలా కనిపించాలన్నది తర్వాత సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. హెచ్చరిక అని గుర్తు పెట్టినవి మాత్రమే కార్డు మీదికి వస్తాయి.

గదిలో పనిచేసే ఇరవై మంది కుర్రవాళ్లకు ఈ సంగతి చెవికెక్కింది గానీ తలకెక్కలేదు. పాత పుస్తకంలో గడి గీసి లావు అక్షరాలుంటే హెచ్చరిక, లేకపోతే కాదు. క్లిక్కు, తర్వాతి పేజీ. రోజుకు నలభై పేజీలు లాగేసేవారు. హనుమయ్య రెండు వేళ్లతో కొట్టుకుంటూ పన్నెండు దాటేవాడు కాదు.

టీమ్ లీడర్ చాందిని తండ్రిది విశాఖపట్నం. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు మాత్రం హిందీ దాటదు.

"అంకుల్, సిర్ఫ్ బారా పేజ్? థోడా స్పీడ్ చాహియే."

"చదవకుండా ఎట్టా పెట్టేదమ్మా గుర్తు? చదివితే గదా అదేందో తెలిసేది."

ఆయన పద్ధతి ఆయనది. ముందుగా పేజీలోని మాటలన్నీ నోట్‌ప్యాడ్‌లో పడేసేవాడు. అక్కడ లావూ సన్నమూ గడులూ ఏమీ ఉండవు, అన్నీ ఒకే తీరు. అప్పుడు పెదాలు కదుపుతూ చదివి, ప్రతి వాక్యాన్నీ ఒకటే అడిగేవాడు: నిన్ను పట్టించుకోకపోతే దెబ్బ ఎవరికి? మనిషికైతే హెచ్చరిక. యంత్రానికైతే జాగ్రత్త. ఎవరికీ కాకపోతే ఉత్త గమనిక.

మూడో నెలలో ఫరీదాబాద్ ఫ్యాక్టరీ ఒకటి తన హైడ్రాలిక్ ప్రెస్సు పుస్తకం పంపింది. హనుమయ్య ఎక్కించిన పేజీలు తప్పొప్పులు చూసే పృథ్వీరాజ్ బల్ల మీదికి వెళ్లాయి. హైదరాబాదు కుర్రాడు, మంచివాడే. కాకపోతే పాత పేజీ మీద కొత్త పేజీ పెట్టి ట్యూబులైటు కేసి ఎత్తి, లావుకు లావు సరిపోయిందా లేదా చూడటమే అతనికి తెలిసిన పరీక్ష.

"అన్నా, ఇటు రా. రెండు తప్పులున్నయ్. ఈ గడిల పెద్దగ ఉన్నదాన్ని నోట్ జేసినవ్."

ఆ గడిలో ఉన్నది, మా కంపెనీ విడిభాగాలనే కొనండి అన్న మాట.

"అది హెచ్చరిక కాదయ్యా, బేరం. పక్కోళ్ల పార్టు వేస్తే ఎవురికీ ఏం కాదు."

"సరే పో. మరి ఇదేంది? ఏడో మెట్టు మధ్యల ఉన్న మామూలు లైన్ దీసి వార్నింగ్ జేసినవ్. అసల్ బుక్‌ల లావుగ ఉన్నదా? లేదు గదా."

ఆ వాక్యం ఇది: మోటారు ఆపిన తర్వాత కూడా పైన ఉన్న ర్యామ్ కిందికి జారవచ్చు. ర్యామ్ అంటే ప్రెస్సులో పైనుంచి దిగి ఇనుప రేకును నొక్కే టన్నుల బరువు. ఆ మాట చీమతలంత అక్షరాల్లో, నూనె మార్చడం గురించిన పేరా కడుపులో ఇరుక్కుని ఉంది.

"లేదు. అది అచ్చేసినాయన తప్పు. మోటారు ఆగింది గదా అని చెయ్యి పెట్టేవోడికి అక్షరం లావో సన్నమో ఎట్టా తెలుస్తది? కార్డు మీద లేకపోతే వాడికి ఆ మాటే లేదు."

"మనం ఇంజనీర్లం గాదన్నా. వాళ్లు ఇచ్చింది ఇచ్చినట్లుండాలె. దిద్ది సంతకం బెట్టు, నీ నౌకరీ ఖాయం. లేకుంటే ఇవి రెండూ ఫైల్‌కెక్కుతయ్. గప్పుడు నా చేతుల ఏముండదు."

హనుమయ్యకు మళ్లీ ఆ మాల్ గేటు, ఆ కార్ల తలుపులు కళ్ల ముందు తిరిగాయి. దాంతోపాటే పఠాన్‌కోట్ వర్క్‌షాపూ గుర్తొచ్చింది. జాకీ మీదున్న ట్రక్కు కింద దిమ్మ పెట్టకుండా దూరి, జాకీ జారి నలిగిన కుర్ర సిపాయిని కాళ్లు పట్టి బయటికి లాగింది తనే. వాడు బతికాడు గానీ మళ్లీ నిలబడలేదు.

"ఆ వాక్యం నేను తియ్యను. కావాలంటే నన్ను తియ్యండి," అన్నాడు.

చాందిని మధ్యలో కల్పించుకుంది. "రుకియే సర్. క్లయింట్ సే పూఛ్ లేతే హైఁ," అని, ఫ్యాక్టరీ వాళ్లనే అడిగి తేల్చుకుందామని ఆ కార్డును ఉన్నదున్నట్టుగా ఫరీదాబాద్‌కు పంపింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని హనుమయ్య అంతా చెప్పాడు. సంగతి విన్న సరోజ, "ఆ మాట నిజమేనా?" అని ఒక్కటే అడిగింది. నిజమే అన్నాడు. "అయితే తియ్యబాక," అని చారు పోసింది.

మూడో రోజు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ తానే జీపు వేసుకుని వచ్చాడు. నూనె మరకల చొక్కా, నెరిసిన మీసాలు, హర్యానా మనిషి. కార్డు మీది మొదటి వాక్యం చూపించి, ఇది రాసిందెవరని హిందీలో అడిగాడు. హనుమయ్య లేచి నిలబడ్డాడు.

"మా ప్రెస్సు మీద ఎప్పుడు పనిచేశావు?"

"ఎప్పుడూ చెయ్యలేదు సాబ్."

"మరి నీకెవరు చెప్పారు? కొత్తగా చేరిన ప్రతివాడికీ పదకొండేళ్లుగా ఈ మాట నేను నోటితో చెబుతున్నాను. నేను సెలవు పెట్టిన వారం ఎవరూ చెప్పలేదు. ఒకడి చెయ్యి పోయింది."

"మీ పుస్తకంలోనే ఉంది సాబ్," అని హనుమయ్య పాత పేజీ తీసి ఏడో మెట్టు మీద వేలు పెట్టాడు.

ఫోర్‌మన్ కళ్లద్దాలు తగిలించుకుని ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. "ఇన్నేళ్లూ ఈ పుస్తకం నా బీరువాలోనే ఉంది," అన్నాడు. వెళ్లేటప్పుడు పృథ్వీరాజ్ వైపు తిరిగి, తమ ఫ్యాక్టరీలోని మిగిలిన ఆరు యంత్రాల పుస్తకాలూ ఈయన చేతి మీదుగానే రావాలని గట్టిగా చెప్పి వెళ్లాడు.

పృథ్వీరాజ్ తప్పుల కాగితం చింపి బుట్టలో వేశాడు. "అన్నా, నీ నౌకరీ ఖాయం. రేపట్నుంచి పోరగాళ్లను ముందర గూసోబెట్టుకొని నీ పద్ధతి నేర్పు. నేను గూడ గూసుంట," అన్నాడు. ఆ మాటకు హనుమయ్య కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఇరవై నాలుగేళ్ల పనికి ఇన్నాళ్లకు విలువ దక్కిందని ఆయనకు గర్వంగా ఉంది, దాచుకోవాల్సిన అవసరమేమీ కనిపించలేదు.

సాయంత్రం కిక్కిరిసిన బస్టాప్‌లో నిలబడి సరోజకు ఫోన్ చేశాడు.

"ఏమయింది? ఉంచుకున్నారా, తీసేశారా?"

"చదివే మనిషి కావాలంట సరోజా," అన్నాడు హనుమయ్య, పక్కనున్న వాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా. "నన్నే ఉండమన్నారు."