కరెంటు పోయిందని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో, మా వీధి పిల్లల్లో కంప్యూటర్‌ని దగ్గరగా చూసింది నేనొక్కదాన్నే. పక్కింటి అక్క డిగ్రీ పూర్తి చేసి బస్టాండు దగ్గరి డీటీపీ సెంటర్లో టైపు చేసే పనికి చేరింది. వాళ్ళ అమ్మానాన్నలు మిరపకాయ కోతలకు కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికింది మొదట అక్కకే. సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేది. చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు, అదొక్కటే షరతు.

టీవీలా ఉన్నదే కంప్యూటర్ అనుకునేదాన్ని. అక్క నవ్వి, అది మానిటర్ అనీ, చూపించడం వరకే దాని పని అనీ చెప్పింది. అసలు లెక్కా ఆలోచనా అంతా బల్ల కింది పెట్టెలో జరుగుతాయట. మనం చెప్పేది కీబోర్డూ మౌసూ ఆ పెట్టెకు చేరవేస్తాయట. తలూపాను గానీ, అక్షరాలు మెరిసే తెరను వదిలి ఆ రేకు పెట్టెను గొప్పదనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఒక శనివారం పొద్దున్నే పెనుగంచిప్రోలు వైపు నుంచి ఒక పాస్టరుగారు చేతిరాత నోటుబుక్కు తెచ్చారు. అందులో ఉన్నవన్నీ చనిపోయిన వాళ్ళమ్మగారు కట్టిన పాటలు. మర్నాడు ఆరాధనలో పంచడానికి అచ్చు కావాలని, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళారు. అక్క తలెత్తకుండా కొట్టింది. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు పాటలే మిగిలాయి. మానిటర్ ఆపి, వెనక గదిలోకి అన్నం తినడానికి వెళ్ళింది.

నల్లగా ఉన్న తెర ముందు నేను ఆగలేకపోయాను. ఆ అక్షరాలు మళ్ళీ చూడాలనిపించి, వంగి, పెట్టెకున్న పెద్ద స్విచ్ నొక్కాను. అప్పటిదాకా వినిపిస్తున్న గుయ్‌మనే చప్పుడు టక్కున ఆగిపోయింది. భయమేసి మళ్ళీ నొక్కాను. చప్పుడు మొదలైంది. హమ్మయ్య అనుకుని స్టూలు మీదికి వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాను.

అక్క వచ్చి మానిటర్ వేసింది. పాటలు లేవు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"ఏమైందే?"

"కరెంటు పోయిందక్కా. ఇప్పుడే వచ్చింది."

అంత అబద్ధం అంత తేలిగ్గా నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అక్క తిన్నంతసేపూ ఆ వెనక గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా ముఖంలోకి కాసేపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. అక్క నోటుబుక్కు తెరిచి మొదటి పాట నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

పాస్టరుగారు వచ్చేసరికి సగమే అయింది. ఆయన కోప్పడలేదు. ఆ సగం కాగితాలే సంచిలో పెట్టుకుని, నోటుబుక్కుని తువ్వాలుతో తుడుచుకుని ఆటో ఎక్కారు. సెంటర్ ఓనరుగారు నిలదీస్తే అక్క, "సేవ్ చేయడం మర్చిపోయానండి" అంది. "సోమవారం నుంచి జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడమ్మా" అన్నారాయన. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

పదకొండు రోజులు విప్పలేదు. రోజంతా నిలబడి కాళ్ళు పీకుతున్నాయని అక్క వాళ్ళమ్మతో అనడం గోడ ఇవతలికి వినిపించేది. నాకు అన్నం సయించేది కాదు. చివరికి ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా జిరాక్స్ మిషన్ దగ్గరికి వెళ్ళి, ఏడుస్తూ చెప్పేశాను.

"తెలుసే," అంది అక్క. "ఆ రోజే చెబుతావేమోనని చూశా."

"మరి ఓనరుగారికి ఎందుకు చెప్పలేదు?"

"సేవ్ చేయకపోవడం నా తప్పేగా. అది నేను చెప్పుకున్నా. స్విచ్ సంగతి నువ్వు చెప్పుకోవాలి."

తరవాత ఒక పాడైన కాగితం తిరగేసి ఆ పెట్టె బొమ్మ గీసింది. తెర మీద కనబడినంత మాత్రాన దాచుకున్నట్టు కాదట. అప్పటికి అదంతా మెమరీలో ఉంటుందట, కరెంటు ఉన్నంతసేపే. సేవ్ కొడితేనే హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళి నిలుస్తుందట. తనను ఆ కుర్చీలోంచి లేపించిన నాకే అంత ఓపికగా పాఠం చెప్పింది. దానికన్నా నన్ను రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

నేను వెళ్ళి ఓనరుగారికీ చెప్పాను. "పోనీలే పాపా" అన్నారు. అప్పటికే అక్క కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. అక్క వేసవి దాకా జిరాక్స్ దగ్గరే నిలబడి, ఆ పని మానేసింది. మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుందో లేదో నాకు తెలియదు. వాళ్ళు ఇల్లు మారాక అడిగే వీలు కూడా లేకపోయింది.

ఇప్పుడు నేను నందిగామ దగ్గర బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. అప్పుడప్పుడూ ఏదో ఒక కంప్యూటర్ టక్కున ఆగిపోతుంది. ఏ పిల్లో లేచి, "నేనే నొక్కా టీచర్" అంటుంది. కోప్పడలేను. ఆ పిల్ల ధైర్యానికి ముచ్చటేస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఆ మూడు మాటలు అనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.