విత్తనానికి వదిలిన సబ్జా మొక్కలు

నా చిన్నతనమంతా అల్వాల్‌లోనే గడిచింది. తొంభైల్లో మా వీధి ఇళ్లకు వెనకాల ఇంకా కాస్త మట్టి మిగిలి ఉండేది. చాలామంది అక్కడ పాత సామాను పడేసేవాళ్లు. మా పక్కింటి అక్క మాత్రం కూరగాయలు పెంచేది. పెళ్లయి లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చేటప్పుడు వాళ్లమ్మ పాత చీర ముక్కలో విత్తనాలు మూటగట్టి ఇచ్చిందట. పుంటికూర, బీర, చిక్కుడు, సబ్జా.

నేను ఐదో తరగతికి వచ్చిన ఎండాకాలంలో వాళ్లమ్మ చనిపోయింది. ఊరి నుంచి తిరిగొచ్చిన అక్క వానలు మొదలవగానే ఆ మూటలో మిగిలిన గింజలన్నీ ఒకేసారి నాటేసింది. పాతబడితే మొలవవేమోనని ఆమె భయం. సబ్జా గింజలు చిటికెడే ఉన్నాయి. వాటిలో మొలిచి నిలిచినవి ఐదు మొక్కలు. వాటిని అక్క "మా అమ్మ చెట్లు" అనేది.

బడి నుంచి రాగానే నేను ఆ పెరట్లోకే వెళ్లేదాన్ని. సబ్జా వాసన తులసిలాగే ఉంటుంది కానీ ఇంకాస్త తియ్యగా అనిపిస్తుంది. మూడు మొక్కలకు పూల వెన్నులు వస్తుండగానే గిల్లేయాలని, అప్పుడే ఆకు గుబురుగా వస్తుందని అక్క నాకు నేర్పింది. గోడవారనున్న రెండింటిని మాత్రం ముట్టుకోవద్దంది. అవి పూసి, ఎండి, మళ్లీ గింజలివ్వాలి.

అక్కవాళ్ల మామగారిని నేను తాత అని పిలిచేదాన్ని. ఆయన కళ్లకు శుక్లాలు కమ్మి చూపు బాగా మసకబారింది. అయినా ఎండెక్కేదాకా పెరట్లోనే గొంతుక్కూర్చుని, చేత్తో తడుముతూ కలుపు తీసేవాడు. ఒకసారి గడ్డి అనుకుని కొత్తిమీర సగం పీకేశాడు. అక్క నవ్వి ఊరుకుంది.

ఉపాధ్యాయ దినోత్సవం రోజు మా తరగతి పిల్లలందరూ టీచరుకు గులాబీలు తెస్తామన్నారు. మా ఇంట్లో పూలచెట్టే లేదు. ఆ పొద్దున అక్క వీధి నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే పెరట్లోకి వెళ్లాను. గోడవార సబ్జా మొక్కల మీద తెల్లటి పూల వెన్నులు నిటారుగా నిలబడి ఉన్నాయి. ముందు రెండే తెంపాను. గుత్తి చిన్నగా అనిపించి ఇంకో రెండు తెంపాను. చివరికి రెండు మొక్కల మీదా ఏమీ మిగల్లేదు. నాకు తెలియక చేశానని ఇప్పుడు కూడా అనలేను. ముట్టుకోవద్దన్న మాట తెంపుతున్నంతసేపూ గుర్తుంది.

గుత్తిని సంచి చాటున దాచుకుని, కలుపు తీయడం ముగించి వాకిట్లో కూర్చున్న తాత పక్కనుంచే బడికి వెళ్లిపోయాను. టీచరు దాన్ని వాసన చూసి మెచ్చుకుంది. ఆ పూటంతా నేను నేల మీద లేను.

సాయంత్రం వెళ్లేసరికి అక్క ఆ రెండు మొక్కల ముందు నిలబడి ఉంది. ఎవరు తెంపారని మెల్లగా అడిగింది. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. తాత గోడ పట్టుకుని వచ్చాడు.

"నేనే తెంపిన గావచ్చు బిడ్డా. కలుపనుకున్న."

అక్క కళ్లనిండా నీళ్లు. "మా అమ్మ సబ్జాకు గదొక్కటే ఆశ ఉండె మామా. ఇగ మీరు పెరట్లకు రాకుండ్రి" అంది.

రెండు రోజుల్లో అక్క భర్త పెరటికి అడ్డంగా ఇనుప జాలీ కట్టి, గడియ పెట్టాడు. తాత ఆ రోజు నుంచి వీధివైపు మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను దాటిపోతుంటే ఒకనాడు దగ్గరికి పిలిచాడు.

"గా పొద్దు నువ్వు నా పక్కకెల్లి పోతుంటె సబ్జా వాసనొచ్చింది" అన్నాడు. "నన్ను రెండు మాటలంటె నాకేం గాదు. నిన్నంటే నువ్వు మళ్ల ఈ ఇంటికి రావు. నీకు జెప్పాలనిపించిన్నాడు నువ్వే జెప్పు."

రేపు చెబుదామనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. జాలీ లోపలికి నన్ను మాత్రం రానిచ్చేది అక్క. నేను బయటికి రాగానే తాత అన్నీ అడిగేవాడు. బీరకు పిందె పడిందా, చిక్కుడు తీగ పందిరి ఎక్కిందా అని. నేను మెట్టు మీద కూర్చుని అన్నీ చెప్పేదాన్ని. చెప్పవలసిన ఒక్క మాట తప్ప.

సంక్రాంతికి ముందు చలికి తాతకు దగ్గు పట్టుకుంది. అక్క కషాయానికి సబ్జా ఆకులు తెంపుతూ, "గా దినం మామను అట్ల అనకుంటే మంచిగుంటుండె. ముసలాయన, కండ్లు కనవడక తెంపిండు" అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. నా తప్పుకు ఆమె బాధపడుతోంది. అది నేను తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

అక్క తెంపిన ఆకుల్ని కొంగులో వేసుకుంది. తర్వాత, "తెంపినవంటె తెంపినవ్, చిన్నపిల్లవు. గిన్ని దినాలు ఆయన్ని బయట కూసోబెట్టినవ్. నాతోని కూసోబెట్టిచ్చినవ్" అంది. గొంతు పెంచలేదు. కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

దగ్గు తగ్గగానే ఆమె తాతను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చింది. ఆ నాలుగు నెలల్లో ఆయన మోకాళ్లు బిగుసుకుపోయాయి. గొంతుక్కూర్చోలేకపోయాడు. స్టూలు వేస్తే కూర్చుని, చిక్కుడు తీగ మీదికి చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేశాడు. "ముట్టుకోవచ్చా బిడ్డా?" అని అడిగాడు. అక్క అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తర్వాత ఆయన రెండేళ్లు బతికాడు. ఎన్నిసార్లు వద్దన్నా ఏ ఆకునైనా అడగకుండా ముట్టుకోలేదు. మిగిలిన సబ్జా మొక్కలు మళ్లీ వెన్నులు వేసినా చలికి గింజ కట్టకుండానే ఎండిపోయాయి. అక్క కిరాణా కొట్లో షర్బతు కోసం అమ్మే సబ్జా గింజలు తెచ్చి చల్లింది. బాగానే మొలిచాయి. ఆకు అదే, వాసనా అదే. కానీ వాటిని ఆమె ఒక్కసారి కూడా మా అమ్మ చెట్లు అనలేదు.

ఇప్పుడు మా అత్తగారికి ఎనభై దాటాయి. ఇంట్లో పాలు ఒలికినా, తాళం చెవి కనబడకపోయినా అందరి చూపూ ముందు ఆమె వైపే తిరుగుతుంది. ఆమె కూడా తనే చేసిందేమో అన్నట్టు తల దించుకుంటుంది. అప్పుడు నేను లేచి, ముందు నేనే చేశానేమోనని నన్ను నేను అడుగుతాను. తప్పు నాదైతే ఆ క్షణమే, అందరి ముందూ చెప్పేస్తాను. నా పిల్లలు నవ్వుతారు, ఇంత చిన్నదానికి అంత గట్టిగా చెప్పాలా అని. చెప్పాలి. చెప్పినప్పుడల్లా ఆమె తల ఎత్తి చూస్తుంది.